బిడ్డ పథ్యమూ, తల్లి పనిగంటలూ

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువగా ఉన్న బ్లాకు ఉసూర్. మన పాఠకులలో అనేకులకు ఆ పేరు కాల్పుల వార్తలలోనే పరిచయం. అక్కడి దోర్లా, గోండు కుటుంబాలకు మాత్రం అది ఇప్పపూలు ఏరుకునే చోటు, తునికాకు కోసే చోటు, మిరప కోతలకు సరిహద్దు దాటి ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలకు కూలికి బయలుదేరే చోటు. ఈ పర్యాయం మేము ప్రస్తావించదలచినది ఆ పల్లెలలోని ఒక నిత్య సమస్యను. తీవ్ర పోషకాహార లోపానికి చికిత్స పొంది ఇంటికి చేరిన బిడ్డకు పథ్యం వండి పెట్టడం ఎట్లా? అందుకు కావలసిన కాలం కూలితల్లికి ఎక్కడిది? ఇది వంటింటి సంగతి గదా, కార్మికోద్యమ పత్రికలో దీనికి తావేమిటని ఎవరైనా అడుగవచ్చు. ఇది పనిగంటల సమస్య అనీ, కనుక మన సమస్యేననీ మా అభిప్రాయం.

చిక్కి శల్యమైన బిడ్డకు కడుపునిండా పెడితే కోలుకుంటాడనుకోవడం సహజం. వైద్యశాస్త్రం అట్లా చెప్పదు. పోషకాహార పునరావాస కేంద్రంలో తొలిరోజులలో ఇచ్చేది 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలు గల పాల మిశ్రమం మాత్రమే. అదైనా కొద్దికొద్దిగా, రెండు గంటలకొక మారు. ఆ దశలో ఉప్పు, మాంసకృత్తులు మితంగా ఉండాలి. ఇనుము మందు అప్పుడే ఇవ్వరు. శరీరం కుదుటపడిన తరువాతనే 100 మిల్లీలీటర్లకు 100 కేలరీల మిశ్రమానికి మారుస్తారు. ఇంటికి పోయిన తరువాత రోజుకు కనీసం ఐదు మార్లు, మెత్తగా, నూనె కలిపి, తక్కువ పరిమాణంలో ఎక్కువ బలమిచ్చే తిండి పెట్టవలసి ఉంటుంది. నీళ్ళజావతో కడుపు నింపరాదు. కేంద్రంలో ఉన్నన్నాళ్ళూ తల్లి నష్టపోయే కూలికి పరిహారం ఇవ్వాలని 2011 నాటి కేంద్ర మార్గదర్శకాలు గుర్తించాయి. కాని ఇంటికి చేరిన మరునాటి నుండి అదే తల్లి, అదే బిడ్డకు, అదే సేవ చేస్తే దానికి కూలి లేదు, గుర్తింపు లేదు.

ఆమె దినచర్యను గమనించండి. తునికాకు కోతకాలం ఏప్రిల్, మే నెలలు. తెల్లవారకముందే అడవికి పోయి, ఆకు కోసి, ఇంటికి మోసుకువచ్చి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లానికి చేర్చాలి. వేయి కట్టలు కలిస్తే ఒక ప్రామాణిక సంచి. 2024 నుండి ఛత్తీస్‌గఢ్‌లో దాని ధర 5,500 రూపాయలు. అంటే కట్టకు ఐదున్నర రూపాయలు. బిడ్డకు ఒక్కొక్కసారి తినిపించడానికి అరగంట అనుకున్నా, ఐదు మార్లకు రెండున్నర గంటలు. కట్టెలు, నీళ్ళు, వంట దీనికి అదనం. కట్టల లెక్కన బ్రతికే మనిషికి రెండున్నర గంటలంటే ఆనాటి నూనె, ఉప్పు, పప్పు. బిడ్డకు వేళకు తిండి పెడితే ఆ తిండికి కావలసిన డబ్బు తగ్గుతుంది. ఈ చిక్కుముడిని తల్లి అజ్ఞానమని పేరు పెట్టి ఉపన్యాసాలిచ్చేవారితో మేము ఏకీభవించము.

త్వరగా తయారయ్యే పథ్యం లేకపోలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన ‘హైదరాబాదు మిశ్రమం’ మనవారిలో కొందరికైనా గుర్తుండవచ్చు. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16 గ్రాములు, వేరుశనగ 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు; మొత్తం 86 గ్రాములలో 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. గింజలను వేయించి, విసరి, తడి తగలని డబ్బాలో ఉంచుకుంటే వారానికొకసారి చేసుకున్నా చాలు. గోధుమ పడని బిడ్డకు దాని స్థానంలో బియ్యమో, రాగులో, సామలో వేయవచ్చు; బస్తరు నేలకు అవే సహజమైన పంటలు. తినే వేళకు ఆ పిండిని నీళ్ళలో ఐదు నిమిషాలు ఉడికించి, చెంచాడు నూనె కలిపితే సరిపోతుంది.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. పిండి ఎక్కువ వేస్తే జావ చిక్కబడి నీరసించిన బిడ్డ మింగలేడు; నీళ్ళు ఎక్కువ పోస్తే కడుపు నిండుతుందే గాని బలం రాదు. దీనికి ఉపాయం మొలకెత్తిన రాగులు. వాటిని ఎండబెట్టి, సన్నసెగపై వేడిచేసి, విసరి ఉంచుకోవాలి. చిక్కని జావ కాస్త చల్లారిన తరువాత ఆ పిండి చిటికెడు కలిపితే, మొలకలో పుట్టిన ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టి జావను పలుచబరుస్తుంది. మళ్ళీ ఒక పొంగు రానిచ్చి పెట్టాలి. బలం తగ్గదు, మింగడం సులభమవుతుంది. అడవికి పోయేవారు సొరకాయ బుర్రలో పలుచని జావ, అక్కడివారి మాటలో పేజ్, వెంట తీసుకుపోవడం బస్తరు ఆచారం. పెద్దల దప్పిక తీర్చే ఆ జావ ఈ బిడ్డకు చాలదు. పైగా వేసవి ఎండలో గంటల తరబడి నిలవ ఉన్న జావ బలహీనమైన కడుపుకు ప్రమాదం. వెంట తీసుకుపోవలసినది పొడిపిండి, వండవలసినది అప్పటికప్పుడు.

ఇంతటితో మా వ్యాసం ముగిస్తే అది తల్లి నెత్తిన మరొక బరువు పెట్టడమే అవుతుంది. వేయించడం, మొలకెత్తించడం, విసరడం కూడా శ్రమయే. ఆ శ్రమ ఎవరు చేయాలి? 2013 నాటి ఆహార భద్రతా చట్టం తీవ్ర పోషకాహార లోపమున్న బిడ్డకు రోజుకు 800 కేలరీలు, 20 నుండి 25 గ్రాముల మాంసకృత్తులు గల ఆహారాన్ని హక్కుగా నిర్ణయించింది. అంగన్‌వాడీల ఆహార సరఫరాలో గుత్తేదారులకు తావుండరాదని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. ఛత్తీస్‌గఢ్‌లో గోధుమ ప్రధానమైన ఆ పొట్లపు ఆహారాన్ని ఏళ్ళ తరబడి మహిళా స్వయంసహాయక సంఘాలు తయారుచేశాయి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఆ పనిని వారినుండి తప్పించి రాష్ట్ర విత్తన నిగమానికి అప్పగించ నిర్ణయించింది. 2025లో కొన్ని జిల్లాలలో తిరిగి సంఘాలకు ఇవ్వడం మొదలైంది. నాణ్యతకు, శుభ్రతకు యంత్రాలు అవసరమని నాటి వాదన. నాణ్యత కావలసిందే, అయితే ఆ యంత్రాన్ని సంఘం చేతికే ఇవ్వకూడదని ఎక్కడున్నది? తల్లి ఇంట్లో విసరితే కూలిలేని పని. గ్రామ సంఘం విసరితే కూలి గల పని. ఊరి సంఘమైతే గోధుమ పడని బిడ్డకు రాగిపిండి పొట్లం వేరుగా కట్టగలదు. దూరాన ఉన్న కర్మాగారానికి ఆ బిడ్డ ఎవరో తెలియదు.

ఈ పథ్యాన్ని ప్రతిదినం గమనించవలసినది అంగన్‌వాడీ ఉద్యోగిని. ఆమెను కార్మికురాలిగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. ఆమెకు గ్రాట్యుటీ హక్కు ఉన్నదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా కేంద్రం 2018 అక్టోబరు నుండి వర్తించేలా నిర్ణయించినది ఉద్యోగినికి నెలకు 4,500, ఆయాకు 2,250 రూపాయల ‘గౌరవ వేతనం’ మాత్రమే. బిడ్డ ప్రాణం అప్పగించి, వేతనం పేరెత్తకుండా గౌరవం పేరెత్తడం న్యాయం కాదు.

మన చట్టాల చరిత్రలోనే మార్గం ఉన్నది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం బిడ్డకు 15 నెలలు నిండేవరకు రోజుకు రెండు పాలిచ్చే విరామాలు నిర్దేశించింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం కార్ఖానాలలో శిశుసంరక్షణ గదులు పెట్టమన్నది. ఆకు చుట్టే తల్లికి దక్కిన ఆ హక్కు ఆకు కోసే తల్లికి దక్కలేదు. అదే ఛత్తీస్‌గఢ్‌లో 2012లో సర్గుజా ప్రాంతంలో మొదలైన ‘ఫుల్వారీ’ కేంద్రాలలో తల్లులే వంతులవారీగా పసిపిల్లలను చూసుకుని, వేడి అన్నం వండి పెట్టారు. ఒకరిద్దరు తల్లులు కాపలా ఉంటే తక్కినవారు పనికి పోగలిగారు. ఆ వంతు దినానికి కూలి కూడా చేరిస్తే ఉసూర్ తల్లి సమస్యలో సగం తీరుతుంది.

కనుక మా కోరికలు ఇవి. తునికాకు కల్లాల వద్ద, మిరప చేలవద్ద కోతకాలమంతా శిశుసంరక్షణ కేంద్రాలు నడపాలి. పథ్యంలో ఉన్న బిడ్డ తల్లికి వేతనంతో కూడిన తినిపించే విరామం ఇవ్వాలి. కట్టల లెక్కన పనిచేసే చోట దినపరిహారం చెల్లించాలి. పిండి తయారీని స్థానిక ధాన్యాలతో మహిళా సంఘాలకు అప్పగించాలి. సరిహద్దు దాటి వచ్చిన బిడ్డకు తెలంగాణ అంగన్‌వాడీలో మొదటి రోజునుండే తిండి అందాలి.

ఈ చివరి పని ఎవరో వచ్చి చేసేది కాదు. ములుగు, భద్రాద్రి జిల్లాల మన శాఖలు రాబోయే మిరప కోతలలో చేలవద్దకు పోయి, కూలీలతోపాటు వారి వెంట వచ్చిన పసివారి పేర్లు కూడా రాసుకోవాలి. దగ్గరి అంగన్‌వాడీలో నమోదు చేయించాలి. ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడిన ఉద్యమానికి ఒక తల్లికి దినానికి రెండున్నర గంటలు సంపాదించిపెట్టడం అసాధ్యం కాదని మేము నమ్ముతున్నాము.