ఎడమ చారలు, కుడి చారలు

అహోబిలం కొండ ఎక్కేవాళ్లకు నల్లమల నరసింహస్వామి నెలవు, చెంచులక్ష్మి పుట్టిల్లు. పెద్దపులికీ అదే ఇల్లు. నంద్యాల నుంచి గిద్దలూరు ఘాట్ ఎక్కినా, ఆళ్లగడ్డ దాటి రుద్రవరం అడవి అంచుకు వెళ్లినా దాని ఇలాకాలో అడుగుపెట్టినట్టే.

ఈ సంచిక పులుల లెక్క గురించి. అడవి బాటకు అటొకటి ఇటొకటి, మోకాలెత్తున చెట్లకు రెండు కెమెరాలు కడతారు. పులి ఎడమ పక్క చారలు కుడి పక్కన ఉండవు మరి. ఏ రెండు పులుల చారలూ కలవవు. 1990లలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఈ చారల ఆధారంగానే పులులను లెక్కగట్టారు. మన నల్లమలలో మాత్రం కెమెరా కంటే ముందు చెంచుల కళ్లున్నాయి. దుమ్ములో పడిన అడుగు నిన్నటిదా, ఇవాళ్టిదా అన్నది వాళ్లు వంగి చూసి చెప్పేస్తారు. ఆ విద్యకు పరిశోధన పత్రాల్లో పేరు దక్కాలని నా కోరిక.

లెక్క పెరగాల్సిన చోట తగ్గిన సందర్భమూ ఉంది. 2023 మార్చిలో నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు ఆడ పులికూనలు దొరికాయి. తల్లి చెంతకు చేర్చాలని అటవీ సిబ్బంది ఎంతో ప్రయత్నించారు. కుదరలేదు, తిరుపతి జూకు పంపారు. రేపు తల్లులు కావాల్సిన నాలుగు ప్రాణాలు నల్లమలకు తగ్గాయి.