రంగు చూసి రోగం తేల్చొద్దు

పిల్లి ఛాతీలోంచి తీసిన నీరు పాలలా ఉంటే చాలు, కైలోథొరాక్స్ (కొవ్వుతో కూడిన లింఫు ద్రవం ఛాతీలో చేరడం) అని అక్కడికక్కడే తేల్చేయడం సరికాదు. మరోవైపు, తిండి మానేసిన జంతువులో కొవ్వు తగ్గి అదే ద్రవం పాలరంగు కోల్పోవచ్చు. అప్పుడు రోగం చేజారుతుంది. ఆయాసపడుతుంటే ముందు నీరు తీసి ఊపిరి ఆడించాలి. తీసిన నీటిని పారబోయకుండా, అదే పూట తీసిన రక్తంతో పాటు ల్యాబ్‌కు పంపాలి. ట్రైగ్లిజరైడ్లు రక్తంలోకన్నా ద్రవంలో ఎక్కువుంటే నిర్ధారణ బలపడుతుంది.

రెండు పరీక్షలు దండగ ఖర్చు కదా అంటారు. యజమాని జేబు చూడాల్సిందే. కానీ ద్రవం ఎక్కువకాలం నిలిస్తే ఊపిరితిత్తుల పైపొర గట్టిపడి, నీరు తోడినా అవి విచ్చుకోని దశ రావచ్చు. ఆలస్యమే అసలు ఖర్చు. పేరు తేలాకా ఆగకూడదు. గుండెజబ్బా, ఛాతీలో గడ్డా, దెబ్బా అని ఎకో, ఎక్స్‌రేలతో మూలం వెతకాలి.