రంగు తేలితేనే రోగం తేలుతుంది

ఇంట్లో అమ్మకో అత్తయ్యకో రొమ్ములో చిన్న గడ్డ తగులుతుంది. పాలకొల్లులో డాక్టరుగారు చూసి, చిన్న ముక్క తీసి ‘బయాప్సీకి పంపిద్దాం’ అంటారు. అది భీమవరానికో, రాజమహేంద్రవరానికో, విశాఖకో వెళ్తుంది. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. వచ్చాక అందులో ఏముందనే అడుగుతాం. అదెలా తయారైందని మాత్రం అడగం. కానీ అడగాల్సిన విషయమే అది.

తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, అందులోని నీటిని తొలగించి, మైనంలో దిమ్మగా పోస్తారు. దీన్నే బ్లాకు అంటారు. దాన్నుంచి 3 నుంచి 5 మైక్రాన్ల మందాన పొర కోసి గాజు స్లైడు మీద అతికిస్తారు. ఆ పొరకు దాదాపు రంగే ఉండదు. మైక్రోస్కోపు కింద పెట్టినా కణాలు విడివిడిగా తేలవు. అందుకే రెండు రంగులు పట్టిస్తారు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల్లో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి వచ్చే హెమటాక్సిలిన్ కణ కేంద్రకాన్ని నీలంగా చూపిస్తుంది. ఇయోసిన్ మిగతా భాగాన్ని గులాబీ రంగులోకి తెస్తుంది. 19వ శతాబ్దంలో జతకట్టిన ఈ రెండు రంగుల మీదే నేటికీ క్యాన్సర్ నిర్ధారణ చాలావరకు ఆధారపడి ఉంది.

కేంద్రకం పెద్దదైందా, ఆకారం చెడిందా, మరీ ముదురుగా ఉందా అని పెథాలజిస్టు చూస్తారు. రంగు ఎక్కువైతే మామూలు కణం కూడా అనుమానంగా కనిపించొచ్చు. తక్కువైతే అసలు తేడా మరుగున పడొచ్చు.

రంగు సంగతి మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు పాలకొల్లులో బట్టల వ్యాపారం కోసమే కొఠీ పెట్టుకున్నారు. సరుకు ఎంత మంచిదైనా నీరు, సమయం కుదరకపోతే రంగు పట్టదని అద్దకం తెలిసిన ఎవరైనా చెబుతారు. ల్యాబులోనూ అంతే. హెమటాక్సిలిన్ మొదట ఎర్రటి ఊదాగా పట్టి, కాస్త క్షారగుణం ఉన్న నీటిలో కడిగాకే నీలానికి తిరుగుతుంది. కాలువలు కట్టేసిన వేసవిలో వచ్చే నీరూ, వానాకాలంలో వచ్చే నీరూ ఒకటి కాదు కదా!

ఈ పనిని టెక్నీషియన్లు గడియారం చూసుకుంటూ, స్లైడ్లను ఒక్కో తొట్టిలో ముంచి తీస్తూ చేతితో చేస్తారు. ఇప్పుడు దానికి ఆటోమేటిక్ స్లైడ్ స్టెయినర్లు వచ్చాయి. పొద్దున మొదటి స్లైడుకూ సాయంత్రం చివరి స్లైడుకూ ఒకే సమయం పాటించడం వీటి గొప్ప. ఆవిరి బయటికి పోయే ఏర్పాటు సరిగా ఉంటే టెక్నీషియన్లు పీల్చే జైలీన్ కూడా తగ్గుతుంది. వీటిని స్వాగతించాల్సిందే.

అయితే మామూలు స్టెయినర్ సమయాన్ని లెక్కపెడుతుందే తప్ప రంగు ఎలా వచ్చిందో చూడదు. తొట్టిలో రంగు పాతబడితే, రోజంతా తీసిన స్లైడ్లన్నీ ఒకే తీరుగా చెడతాయి. ఒకరి ముక్క నుంచి ఊడిన కణాలు ద్రవంలో తేలి ఇంకొకరి స్లైడుకు అంటుకునే ముప్పు కూడా ఉంది. తొట్టెల్లో ద్రవాలను వడకట్టడం, వేళకు మార్చడం మనుషులే చూసుకోవాలి.

అందుకే ల్యాబు నడిపేవాళ్లు కొనేటప్పుడు ‘గంటకు ఎన్ని స్లైడ్లు’ అన్న ఒక్క లెక్కే చూడకూడదు. ఒకే పద్ధతిలో, వరసగా ఎక్కువ స్లైడ్లు చేసేవారికి లీనియర్ యంత్రం నప్పుతుంది. రకరకాల పద్ధతులు కావాలంటే రోబో చేయి ఉన్నది మేలు. కరెంటు పోతే స్లైడ్లు మధ్యలో ఎండిపోకుండా ఏం చేస్తుంది? పాడైతే బాగుచేసే మనిషి ఎన్నాళ్లకు వస్తాడు? రంగులు ఆ కంపెనీవే కొనాలా, వేరేవీ వాడొచ్చా? ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. డబ్బు కట్టకముందే తమ స్లైడ్లను, తమ నీటితో ఆ యంత్రంలో వేయించి పెథాలజిస్టుకు చూపించాలి. రోజుకు పది స్లైడ్లు కూడా రాని చోట, యంత్రం కంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసే టెక్నీషియనే నయం.

మరి మీరేం చేయాలి? ముక్క తీసిన వెంటనే దాన్ని సరిపడా ఫార్మలిన్‌లో వేశారా, సీసా మీద పేరు సరిగా రాశారా అని చూడండి. సెలైన్‌లో వదిలేస్తే ముక్క పాడవుతుంది. తర్వాత ఏ యంత్రం వాడినా దాన్ని బాగుచేయలేదు. ల్యాబుకు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందా, అది బయాప్సీ పరీక్షలకూ వర్తిస్తుందా అని అడగండి. రోజూ అసలు స్లైడ్ల కంటే ముందు పరీక్ష స్లైడు వేసి రంగు చూసుకుంటారా అని అడిగినా తప్పులేదు. బ్లాకు, స్లైడ్లు భద్రపరుస్తారా, రెండో అభిప్రాయానికి అడిగితే ఇస్తారా అన్నదీ కనుక్కోండి. రంగు సరిగా రాకపోతే అదే బ్లాకు నుంచి మళ్లీ పొర కోసి చూడొచ్చు. ఎన్నోసార్లు మళ్లీ సూది గుచ్చే బాధ తప్పుతుంది.

రిపోర్టు ‘రేపే ఇస్తాం’ అన్నవారి కంటే, స్లైడు బాగా రాలేదని, మళ్లీ చేసి ఎల్లుండి ఇస్తామని చెప్పినవారే మీ మేలు కోరినవారు. ఆ ఒక్కరోజు ఓపిక పట్టండి. చికిత్స మొత్తం ఆ స్లైడు మీదే నిలబడి ఉంటుంది.