సంతకం ఎవరిది?

డాక్టరీ ముగించిన పిల్లవాడు "ఇక వైద్యనీతి చదువుతాను" అంటే మన యిళ్ళలో పెద్దలు అడిగే మాట ఒకటే: "దానితో ప్రాక్టీసేమి వస్తుందిరా?" అడగవలసిన మాటే. ఎం.డి. సీటు కోసం పిల్లలు రాత్రింబవళ్ళు కష్టపడే రోజులివి. పైగా నీతి అనేది యింట్లో నేర్పేది గదా అని మనకొక ధీమా.

ఆ ధీమా చాలదని మన తెలుగుదేశంలోనే ఒకసారి తేలింది. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం మొదలైన మూడు మండలాలలో, 10 నుంచి 14 ఏండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సరు రాకుండా హెచ్.పి.వి. టీకాలు వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనమది. సుమారు 14,000 మంది బాలికలు. వారిలో చాలామంది గిరిజనులు, హాస్టళ్ళలో వుండి చదువుకొనేవారు. కొందరు చనిపోగా 2010 ఏప్రిల్‌లో పని ఆపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణలో చెప్పారు. టీకా మంచిదే. కాని 2013లో పార్లమెంటు స్థాయీసంఘం నివేదికలో వచ్చిన లెక్క చూడండి: 9,543 అనుమతి పత్రాలలో 1,948 వేలిముద్రలు; 2,763 హాస్టలు వార్డెన్ల సంతకాలు!

వార్డెన్లు చెడ్డవారని నేననను. అన్నం పెట్టించేది తామే, జ్వరమొస్తే ఆసుపత్రికి పంపేది తామే. సంతకమూ తమదే అనుకొన్నారు కాబోలు. తల్లిదండ్రులను అడగలేదు, అంతే.

ఆ తల్లిదండ్రుల హక్కుకూ ఒక హద్దు వున్నది. ఢిల్లీలో ఒక స్త్రీకి పరీక్ష నిమిత్తం మత్తు యిచ్చి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి అనుమతితో గర్భాశయం తీసివేశారు. వయసు వచ్చిన మనిషి తెలివి వచ్చాక తానే చెప్పగలదు, తల్లి సంతకం చెల్లదు అని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. "అమ్మకు చెప్పకండి డాక్టరుగారూ, ఏదైనా మాతో అనండి" అనే మనమందరం కొంచెం వార్డెన్లమే.

ఈ చిక్కులన్నీ చదువుగా నేర్పే చోట్లు బెంగుళూరులోనే వున్నవి. నాగరబావిలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో వైద్యన్యాయము, నీతి అనే పోస్టుగ్రాడ్యుయేటు డిప్లొమా వున్నది. సెయింట్ జాన్స్ కళాశాలలో యీ విషయానికి చాలాకాలంగా పేరున్నది. అక్కడ డీనుగా పనిచేసిన సి.ఎం. ఫ్రాన్సిస్‌గారు 1993లోనే వైద్యనీతి మీద పుస్తకం వ్రాశారు. 2019 నుంచి ఎం.బి.బి.ఎస్. పిల్లలకు దేశమంతటా కొంత నేర్పుతున్నారు. మొదటి మెట్టు వరకు అది చాలును. ఆసుపత్రి నీతిసంఘంలో కూర్చొని, ఒక పరిశోధనను సాగనివ్వాలా వద్దా అని తేల్చడానికి చాలదు.

మన వూళ్ళో యింకొక పని కూడా వున్నది. పరిశోధనలో చేరే రోగికి అర్థమయ్యే భాషలో సంగతంతా వ్రాసి యివ్వాలని నియమం. చిక్కపేటలో పుట్టి పెరిగిన మన అవ్వ తెలుగు మాట్లాడుతుంది, చదివేది కన్నడం. ఆమెకు పత్రం ఏ భాషలో యివ్వాలి? చదివి వినిపించేదెవరు? ఎవరికి యే మందో కంప్యూటరు నిర్ణయిస్తుందని ఇంగ్లీషులో ఒక్క మాటలో అంటారు. "చీట్లు వేసినట్లు" అంటే అవ్వకు వెంటనే తెలుస్తుంది; అప్పుడామె వద్దు అన్నా అనవచ్చు.