రొయ్యకు ఐసు, డ్రైవరుకు ఆవిరి

మా ఇంట్లో కారు మారుతుంది గానీ కంపెనీ మారదు. నాన్నగారి హయాంలో ఏ కంపెనీ బండి గుమ్మం ముందు నిలబడిందో నా హయాంలోనూ అదే. చుట్టాలు ఎగతాళి చేస్తారు, లోకంలో ఇంకో కంపెనీ లేనట్టు మళ్లీ అదేనా అండీ అని. ఆయ్, అదేనండి. రావులపాలెంలో ఆగిపోయినా రాజోలులో ఆగిపోయినా సామాను దొరుకుతుంది. ఏ షెడ్డులో ఏ మేస్త్రి చేతిలో పెట్టినా దాని నాడి తెలుసు. పదేళ్లు తిప్పి అమ్మితే కొన్నవాడు నన్ను తిట్టుకోడు. ఒక బండిని నమ్ముకోడానికి ఇంతకంటే ఏం కావాలి?

కాబట్టి ఒకే కంపెనీని పట్టుకుని వేలాడేవాళ్లంటే నాకు చిన్నచూపు లేదు, నేనూ ఆ తాను ముక్కనే. నా కోపమల్లా ఆ నమ్మకాన్ని తీసుకెళ్లి ట్రక్కుల షోరూములో తాకట్టు పెట్టేవాళ్ల మీద. "మా కారు రాయిలా ఉందండీ, అందుకే సరుకు బండి కూడా వాళ్లదే బుక్ చేశాం" అని భీమవరంలోనూ అంబాజీపేటలోనూ గర్వంగా చెప్పుకునే ఆసాములు నాకు చాలామంది తెలుసు. అయ్యా, ఆ కారు రాయిలా ఎందుకుంది? అందులో మీరు కూర్చుంటారు కాబట్టి. మీ ఆవిడ, మీ పిల్లలు, మీ అల్లుడుగారు కూర్చుంటారు కాబట్టి. ట్రక్కులో ఎవరు కూర్చుంటారు?

కంపెనీ వాడికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. కారు కొనేవాడే కారు ఎక్కుతాడు. ట్రక్కు కొనేవాడు ట్రక్కు ఎక్కడు. ఈ ఒక్క తేడాలోంచే మన రోడ్ల మీద తిరిగే సరుకు బండ్ల నాణ్యత అంతా పుట్టింది. లేదా పుట్టకుండా పోయింది.

అసలు బ్యాడ్జీ మీద అంత భక్తి దేనికో నాకు అర్థం కాదు. సుజుకీ బలేనోకి మూతి మీద గుర్తు మార్చి 2019లో టయోటా గ్లాంజా అన్నారు. టయోటా ఇన్నోవా హైక్రాస్‌కి గుర్తు మార్చి 2023లో మారుతీ ఇన్విక్టో అన్నారు. అటు భక్తులు అటు, ఇటు భక్తులు ఇటు, బండి మాత్రం ఒకటే. జనరల్ మోటార్స్ 2017లో షెవర్లే అమ్మకాలు ఆపి వెళ్లిపోయింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ బండ్ల తయారీ మానేస్తున్నానంది. ఆ బండ్లను కొడుకుల్లా చూసుకున్నవాళ్లతో ఒక్క మాట ముందు చెప్పిందెవరు? మన అంబాసిడర్ సంగతే చూడండి. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీకి తాళం పడింది. 2017లో ఆ పేరును 80 కోట్లకు ఫ్రాన్సు వాళ్ల ప్యూజో కంపెనీకి అమ్మేశారు. మూడు తరాల మర్యాద ఖరీదు అది. కంపెనీకి మనం ఖాతాదారులం, చుట్టాలం కాదు. మనం నమ్మవలసింది సామాను దొరకడాన్ని, ఇనుము మందాన్ని, మేస్త్రి మాటను.

అడిగితే కంపెనీలు ఇస్తాయా అంటారేమో. ఇచ్చాయి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డానికి గుద్దించి చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. పెద్దవాళ్ల రక్షణలో అన్నిటికీ సున్నా. పోలో కథ మరీ విచిత్రం. ఎయిర్‌బ్యాగులు లేని పోలోకి సున్నా వచ్చింది, అదే పోలో రెండు ఎయిర్‌బ్యాగులతో పరీక్షకెళ్తే నాలుగు నక్షత్రాలు తెచ్చుకుంది. అంటే తయారుచేయడం చేతకాక కాదు, అడిగేవాడు లేక ఇవ్వలేదు. ఆ సున్నాలు పేపర్లకెక్కాక కారు కొనేవాడు నోరు విప్పాడు. 2018 చివర్లో టాటా నెక్సాన్ ఐదు నక్షత్రాలతో వచ్చింది. ఆల్టో సున్నా తెచ్చుకున్న మారుతీయే 2024 నవంబరుకల్లా డిజైర్‌తో ఐదు తెచ్చింది. పదేళ్లలో కంపెనీలకు కొత్త ఇనుము దొరికిందా? షోరూముకొచ్చిన ప్రతి మధ్యతరగతి మొగుడూ పెళ్లామూ "దీనికెన్ని స్టార్లండీ" అని అడగడం మొదలెట్టారు, అంతే.

ఇప్పుడు ఆ ఐదు నక్షత్రాల పక్కన మన చిన్న ట్రక్కును నిలబెట్టండి. 2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజను, ముప్పాతిక టన్ను మోసే సత్తా. కోనసీమ సందుల్లో, చేలగట్ల మీద, కాలవ వంతెనల మీద లారీ దూరని చోటల్లా అది దూరింది. దాని వెనకాల దోస్త్, మాక్సిమో, 2016లో మారుతీ వారి సూపర్ క్యారీ. కొబ్బరికాయ, అరటిగెల, ధాన్యం బస్తా, కడియం నర్సరీ మొక్క, చెరువు దగ్గర మేత బస్తా, పెళ్లి సామాను, అన్నీ దీని తొట్టిలోనే. ఈ డెల్టా బరువంతా ఇవాళ మోస్తున్నది ఈ బుల్లి బండ్లే. అలాంటి బండికి ఎన్ని నక్షత్రాలు? అసలు ఆ లెక్కే లేదు. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ మనుషుల్ని ఎక్కించుకునే బండ్లకే పరిమితం. సరుకు బండిలో మనిషి లేడని కాబోలు! ట్రక్కులకూ ఇలాంటి రేటింగు తెస్తామని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ గారు అంటున్నారు. తేనివ్వండి, అప్పుడు మాట్లాడదాం.

మే నెల మధ్యాహ్నం రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర ఆగి ఉన్న చిన్న ట్రక్కు క్యాబిన్‌లో ఒకసారి కూర్చుని చూడండి. కంపెనీ పేరు అనవసరం. ఇంజను సీటు కిందే ఉంటుంది. రెక్జిను మీద తడి తువ్వాలు మడతేసి దాని మీద కూర్చుంటాడు డ్రైవరు, కాసేపటికే అది ఇస్త్రీ చేసినట్టు ఆరిపోతుంది. డాష్‌బోర్డు మీద సొంత డబ్బుతో బిగించుకున్న బ్యాటరీ ఫ్యాను, అది వేడిగాలినే తిప్పి తిప్పి మొహాన కొడుతుంది. మోకాళ్లు ముందుకు చాపితే రేకు తగులుతుంది. ఆ రేకు అవతల బంపరు. అంటే ఎదురుగా ఏదైనా వచ్చి గుద్దితే ముందు నలిగేవి ఆ మోకాళ్లే. కారుకి బానెట్టూ దాని కింద ఇంజనూ అడ్డం ఉంటాయి, వీడికి అడ్డం ఉన్నది లైసెన్సు కాగితం, అద్దానికి వేలాడే నిమ్మకాయ.

ఇక్కడ కడుపు మండే ముచ్చట ఒకటుంది. మన పెనుకొండలోనే కియా ఫ్యాక్టరీ ఉంది. 2019లో అక్కణ్నుంచి సెల్టోస్ కారు బయటికొచ్చింది. ఖరీదు పెట్టగలిగితే ముందు సీట్లలోంచే చల్లగాలి వస్తుంది, తొడల కిందా వీపు వెనకా. ఒకే రాష్ట్రంలో ఒకడి సీటు కింద చల్లగాలి, ఇంకొకడి సీటు కింద ఇంజను. ఇది తయారీదారుడి తెలివితక్కువతనం అనుకునేరు. వాడికి చాలా తెలివుంది. ఎవరి జేబులోంచి డబ్బొస్తుందో వాడి పిర్రలకే గాలి కొడతాడు.

సరే, పెద్ద లారీల సంగతి. ఏసీ క్యాబిన్ల గురించి ఏళ్ల తరబడి చర్చలే. ఖర్చు పెరుగుతుందని కొందరు అడ్డుపడ్డారని గడ్కరీ గారే సభలో చెప్పారు. చివరికి 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ట్రక్కులన్నిటికీ క్యాబిన్‌లో ఏసీ ఉండాలని. సంతోషం. కానీ ఆ నిబంధన మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటిన బండ్లకే. మన ఏస్, మన దోస్త్, మన సూపర్ క్యారీ ఆ గీతకు కిందే ఉండిపోయాయి. అంటే కోనసీమ డ్రైవరుకు చట్టం కూడా కిటికీ దించుకోమనే చెప్పింది.

భీమవరంలో ట్రక్కు కొనే తతంగం చూశారా మీరు? ఆసామిగారు కుర్చీలో, ఫైనాన్స్ కుర్రాడు పక్కన, షోరూము మేనేజరు ఎదురుగా. పాసింగ్ ఎంత, మైలేజీ ఎంత, డౌన్‌పేమెంట్ ఎంత, ఈఎంఐ ఎంత, మూడేళ్ల తర్వాత అమ్మితే ఎంత. బ్రేకు తొక్కితే లోడుతో ఎంత దూరంలో ఆగుద్ది అనే మాట రాదు. సీటు వెనక్కి జరుగుద్దా అనే మాట రాదు. డ్రైవరు బయట మెట్ల మీద చెప్పులిప్పి నిలబడి ఉంటాడు. కాగితాలన్నీ అయ్యాక, బండికి పసుపూ కుంకుమా పెట్టి, దండేసి, కొబ్బరికాయ కొట్టాక అప్పుడు పిలుస్తారు, "ఒరే, రా" అని. నిమ్మకాయలు తొక్కించడానికి మాత్రం డ్రైవరు కావాలి.

అదే ఆసామి కారు కొనేటప్పుడు పెళ్లిచూపుల కంటే ఎక్కువ హడావుడి. టెస్ట్ డ్రైవ్‌కి ఇంటిల్లిపాదీ. వెనక సీట్లో అత్తగారి నడుము పడుతుందా లేదా అని తర్జనభర్జన. ఇదంతా తప్పని నేననను, నేనూ చేస్తాను. కానీ రోజుకు పన్నెండు గంటలు కూర్చునేవాడి నడుము సంగతో?

ఉప్పూ తుప్పూ సంగతి కూడా చెప్పాలి. ఆకివీడు, ఉండి, భీమవరం చెరువుల నుంచి చేపల లారీ హౌరాకి బయల్దేరుతుంది. దారి పొడవునా కరిగిన ఐసు నీళ్లు ఛాసిస్ మీదకి, కమాన్ల మీదకి, బ్రేకు గొట్టాల మీదకి కారుతూనే ఉంటాయి. అందులో చేప నీసు, చెరువు ఉప్పు. దానికి తోడు మన సముద్రపు గాలి. పంజాబులో పదేళ్లు నిగనిగలాడే ఇనుము ఇక్కడ మూడేళ్లకే పెచ్చులూడుతుంది. క్యాబిన్ నేల కూడా అంతే. క్లచ్ తొక్కే పాదం కింద రేకు చిల్లుపడితే గోనె ముక్క పరుచుకుని నడిపేవాళ్లను కళ్లారా చూశాను. డెల్టాలో బండి కొనేవాడు మొట్టమొదట అడగాల్సింది తుప్పు గురించి. కిందికి వంగి, టార్చి వేసి, అడుగు చూడాలి. ఆ పని మేస్త్రి చేస్తాడు, డ్రైవరు చేస్తాడు. ఇద్దరినీ షోరూము లోపలికి తీసుకెళ్లం. తీసుకెళ్లేది సినిమా హీరో ప్రకటనని.

గిట్టుబాటు కాదండీ అంటారు. కిరాయిలు చూశారా, డీజిల్ చూశారా, ఏసీ వేస్తే నూనె తాగేస్తుందండీ అంటారు. కిరాయిల మాట నిజమే, డీజిల్ మాటా నిజమే. కానీ అదే చేతులు రొయ్యకు ఎంత ఐసు వేస్తున్నాయో చూడండి. చెరువు గట్టు మీద పట్టిన క్షణం నుంచి దానికి చల్లదనం తప్పకూడదు. క్రేటులో ఒక వరస రొయ్య, ఒక వరస ఐసు. కొంచెం ఎర్రబడితే కౌంటు రేటు పోతుంది. అమెరికా వాడు యాంటీబయోటిక్ పరీక్ష అడిగితే చచ్చినట్టు చేయిస్తున్నాం. ఎందుకు? కొనేవాడు అడిగాడు కాబట్టి. సరుకుకు వేడి తగలకూడదని ఇంత తెలిసిన మనకు, ఆ సరుకును తెల్లవార్లూ తోలుకెళ్లే మనిషికి వేడి తగులుతుందని తెలియదా? తెలుసు. వాడు ఎర్రబడితే రేటు తగ్గదు, అదీ సంగతి.

అమెరికా మాటొచ్చింది కాబట్టి ఒక చిన్న ముచ్చట. డల్లాస్‌లో ఉండే మన కుర్రాళ్లు ఫోర్డ్ ఎఫ్-150 పక్కన నిలబడి ఫొటోలు పెడుతుంటారు. ఆ ఎఫ్-సిరీస్ 1977 నుంచి అక్కడ అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉన్న పికప్. అదీ తొట్టి ఉన్న బండే, అదీ బరువు మోసేదే. దానికి తోలు సీట్లు, ఎయిర్‌బ్యాగులు, చలికాలంలో వెచ్చబడే స్టీరింగు కూడా పెట్టి అమ్ముతారు. అక్కడి ఫోర్డు వాడికి పనివాళ్ల మీద ప్రేమ పొంగిపోయి కాదు. అక్కడ ట్రక్కు కొన్న రైతే, వడ్రంగే, ఆ ట్రక్కు నడుపుతాడు. కొనే చెయ్యీ నడిపే చెయ్యీ ఒకటే.

మన దగ్గర ఆ రెండు చేతులూ వేరు. కాబట్టి కంపెనీకి ఉత్తరాలు రాస్తే ప్రయోజనం లేదు, ఆసాముల్నే అడుగుతున్నాను. ఈసారి ట్రక్కు కొనేటప్పుడు మీ కారు బ్యాడ్జీని ఇంట్లో వదిలేసి డ్రైవర్ని వెంటబెట్టుకెళ్లండి. కుర్చీ వాడికి వెయ్యమనండి, కాఫీ వాడికి ఇవ్వమనండి. పొద్దున్న చల్లపూట కాదు, మిట్టమధ్యాహ్నం, తొట్టిలో లోడు వేయించి, సిద్ధాంతం వంతెన దాకా నడిపించండి. వాడు వద్దన్న బండి కొనకండి, అది మీ తాతలనాటి కంపెనీయే అయినా సరే. ఏసీ ఉన్న మోడల్ ఉందా అని వాడి ముందే అడగండి. లేదంటే లేచి వచ్చేయండి. పది షోరూముల్లోంచి వందమంది ఆసాములు లేచి వస్తే, కార్లకు పదేళ్లు పట్టిన పని ట్రక్కులకు అంతకాలం పట్టదు.

డ్రైవరు రేపు మానేస్తాడు, వాడి మాట విని లక్షలు పెట్టమంటారా అని ఒక పెద్దమనిషి నన్ను నిలదీశాడు. పైగా ఈ రోజుల్లో డ్రైవర్లే దొరకడం లేదండీ అని ఆయనే వాపోయాడు. దొరకరు. లారీ డ్రైవరు కొడుకు క్లీనరుగా ఎక్కే రోజులు పోయాయి. రాజోలు కుర్రాడు, పాలకొల్లు కుర్రాడు హైదరాబాదు బస్సెక్కి అక్కడ క్యాబ్ నడుపుతున్నారు. రూము అద్దె, ట్రాఫిక్కు, యాప్ వాడి కమీషను, ఇన్ని బాధలుండీ ఎందుకెళ్లావురా అని ఒకణ్ని అడిగాను. "కార్లో ఏసీ ఉంటదండీ" అన్నాడు.