మేము తీసివేయించిన గడియారము

గత సంవత్సరపు విజ్ఞాన ప్రదర్శనమునకు తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తాను స్వయముగా కూర్చిన గడియారమును తెచ్చి బల్లపై నుంచెను. ఉదయము అది సరిగానే నడచినది. సాయంకాలమునకు పదునొకండు నిమిషములు వెనుకబడినది. పెద్దలు వచ్చు వేళ యగుటచే, తప్పు కాలము చూపు గడియారము అచట నుండరాదని మేమే దానిని తీసివేయించితిమి. ప్రక్కనున్న తండ్రిగారొకరు, "తెలుగు మీడియం పిల్లలకు ఇవన్నీ ఎక్కడ వస్తాయి సార్" అని నవ్విరి. మేము మారు పలుకలేదు. ఆనాడు చెప్పవలసిన మాటను ఇప్పుడు వ్రాయుచున్నాము.

ఆ బాలుడు గడియారమును ఇంటికి గొనిపోయి మూల పడవేయలేదు. ఒక నోటుపుస్తకము తీసి, గంటకొకమారు సెల్‌ఫోను చూపు కాలమును, తన గడియారము చూపు కాలమును ప్రక్కప్రక్కన రెండు వారములు తెలుగున వ్రాసికొనెను. నష్టమంతయు సాయంకాలము ఆరింటికిని తొమ్మిదింటికిని నడుమనే జరుగుచున్నట్లు తేలినది. ఉగాదినాడు వీధిలో మగ్గములు ఆగియున్నపుడు ఒక్క నిమిషమైనను పోలేదు. ఆ పుస్తకమును చూచిన నాడు మాకు కలిగిన సిగ్గును దాచుకొనజాలము.

మేము తెలుగు ఉపాధ్యాయులము. అనంతపురమున శిక్షణ పొందిన నాడు ఛందస్సు చదివితిమి కాని సర్క్యూట్లు చదువలేదు. ఐనను ఆ బాలుడు మాకు బోధించినదానిని ఇచట చెప్పగలము.

కపిల తోలిన దినములు మీ తాతలకు జ్ఞాపకముండును. బాన పైకి వచ్చినపుడే నీరు. తరువాతి బాన వచ్చువరకు లేదు. ఐనను తొట్టి నిండుగా నున్నచో కాలువ తెగక పారును. గోడలోని విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మరుతో తగ్గించి, డయోడ్లతో ఒకే దిక్కునకు మరలించినపుడు, అది సెకనుకు నూరు బానలుగా వచ్చును. తొట్టి పని చేయునది కెపాసిటరు. దాని తరువాత 7805 అను వోల్టేజి రెగ్యులేటరు తూమువలె నిలిచి, ఎంత వచ్చినను ఐదు వోల్టులే విడుచును. కాని తొట్టిలో మట్టము సుమారు ఏడు వోల్టులకు దిగినచో తూము కూడ ఏమియు చేయజాలదు.

బాలుని మేనమామ మీటరు పెట్టి చూడగా, సాయంకాలము ఆ వీధిలో 230 వోల్టులు ఉండవలసిన చోట 170 మాత్రమే ఉన్నవి. (2050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము మన తాలూకాలోనే తిరుమణి యొద్ద నున్నది. ఐనను ప్రొద్దు క్రుంకిన పిమ్మట సూర్యుని అడుగుట వ్యర్థము.) తొమ్మిది వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు అప్పుడు డయోడ్ల తరువాత ఎనిమిదింటికి మించి ఈయదు. వేయి మైక్రోఫారడ్ల కెపాసిటరు, రెండువందల మిల్లీఆంపియర్లు త్రాగు దీపపు అంకెల వలన, బానకు బానకు నడుమ రెండు వోల్టులు దిగుచున్నది. మిగిలినది ఆరు. లెక్క పెట్టు చిప్పు అంతటితో ఆగి, మరల లేచి, తాను కడపట వ్రాసికొన్న నిమిషమునుండి మొదలిడుచున్నది. ఇట్లు తడబడిన ప్రతిమారు కొన్ని సెకన్లు పోవుచున్నవి. 2200 మైక్రోఫారడ్ల కెపాసిటరును మార్చుటతో దిగుట ఒక వోల్టునకు లోబడినది, గడియారము నిలిచినది.

పిమ్మట కూడ దినమునకు రెండు సెకన్లు వెనుకబడుచునే యుండెను. అతడు దానిని కూడ విడువలేదు. గడియారపు స్ఫటికము సెకనుకు 32,768 మారులు కంపించును. ఆ సంఖ్యను పదునైదుమారులు సగము చేసినచో ఒకటి వచ్చును, అదియే సెకను. ఆ స్ఫటికము 12.5 పికోఫారడ్ల భారమునకు తీర్చబడినది. అతడు రెండు ప్రక్కల 22 చొప్పున అతికెను. తీగలలో సహజముగా నుండునదియు కలిసి భారము పదునైదైనది. భారము పెరిగిన స్ఫటికము మందగించును. 18 పెట్టగా సరిపడినది. అయితే స్ఫటికమునకు ఇరువదియైదు డిగ్రీల వేడి ఇష్టము. అంతకు మించినను తగ్గినను మందగించును. మన ఏప్రిలు ఎండలో నలువది డిగ్రీల యొద్ద దినమునకు అరసెకనుకు పైగా పోవును. అది ఆ బాలుని తప్పు కాదు.

ఇంతకు, తప్పినదని చెప్పుటకు తప్పనిదొకటి కావలెను గదా. సీసియం పరమాణువు 9,19,26,31,770 మారులు కంపించు కాలమే సెకనని 1967లో లోకము ఒప్పుకొన్నది. భారత కాలమును ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిలుపుచున్నది. పరమాణు గడియారములును తప్పును. 2013లో శ్రీహరికోటనుండి ఎగసిన మన మొదటి నావిక్ ఉపగ్రహములోని రుబిడియం గడియారములు మూడును 2016లో చెడినవి. ఆ శాస్త్రజ్ఞులను ఎవరును బల్లపైనుండి దించలేదు. 2023 మే 29న ఎగసిన ఎన్.వి.ఎస్.-01లో స్వదేశమున చేసిన రుబిడియం గడియారమున్నది.

ఒక మాట ప్రక్కగా. మన ప్రామాణిక కాలము 82½ డిగ్రీల రేఖాంశమునకు చెందినది; ఆ రేఖ కాకినాడకు దాపున పోవును. మన ఊరు 77 డిగ్రీలకు కొంచెము తూర్పున నున్నది. కావున మన సూర్యుడు గడియారముకంటె సుమారు ఇరువదియొక నిమిషములు వెనుక నడచును. గడియ అనగా ఇరువది నాలుగు నిమిషములు. దాదాపు ఒక గడియ తేడా! ఆ లెక్కన మన ఊరంతయు వెనుకబడినదే.

తల్లిదండ్రులు ఏడవ తరగతి కాగానే పిల్లలను మీడియము మార్చుచున్నారు. వారి భయము మాకు తెలియును, ఎస్.ఎస్.ఎల్.సి. తరువాత ఏమి యను ప్రశ్న మాకును నిదుర పట్టనీయదు. కెపాసిటరునకు సంస్కృతపు పేరు కల్పించవలెనని మేము కోరుట లేదు. మరమ్మతు అంగడిలో కండెన్సరు అన్నను పని జరుగును. పేరు ఏ భాషదైనను కానిండు. "ఎందుకిట్లయినది" అను ప్రశ్న మాత్రము బాలునికి తల్లితో మాటలాడు భాషలో పుట్టవలెను. ఆ నోటుపుస్తకమున "మగ్గాలు ఆడుతున్నాయి, తగ్గింది" అని వ్రాసిన వాక్యము లేకున్నచో మేనమామ మీటరు తెచ్చియుండడు.

కావున వచ్చు ప్రదర్శనమునుండి, వస్తువు ప్రక్కన దాని తప్పుల పుస్తకము కూడ ఉంచవలెననియు, సగము మార్కులు దానికే ఈయవలెననియు ప్రధానోపాధ్యాయులకు విన్నవించితిమి. కొందరు సహోపాధ్యాయులు అంగీకరించుట లేదు. తప్పులు చూపినచో పాఠశాలకు చెడ్డపేరు వచ్చునందురు. మేము పట్టు విడువలేదు.

ఆ గడియారము ఇప్పుడు మా తరగతి గోడపై నున్నది. దాని క్రింద అతికించిన కాగితముపై నేటి ఉదయము అతడు వ్రాసినది: "సోమవారం. అర సెకను వెనుక. ఎండ ఎక్కువ."