నిద్ర లేపినందుకు విసుక్కోవద్దు

గుండె ఆగాక పరుగెత్తడం కన్నా ముందే పరుగెత్తడం మేలు. అందుకే 1990లో సిడ్నీలోని లివర్‌పూల్ ఆసుపత్రిలో అత్యవసర వైద్య బృందం మొదలైంది. శ్వాస, నాడి, బి.పి. హద్దు దాటినా, రోగిని చూసి నర్సుకు ఆందోళన కలిగినా నేరుగా పిలవవచ్చు.

కానీ బృందం ఉంటేనే చాలదు. 2005లో వెలువడిన ఆస్ట్రేలియా 23 ఆసుపత్రుల పరిశోధనలో మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ప్రమాద లక్షణాలున్నా చాలామంది రోగులకు పిలుపే వెళ్లలేదు.

రాత్రి డ్యూటీలో డాక్టరు గారిని లేపడానికి మేమూ జంకినవాళ్లమే. అరకు నుండి విశాఖకు ఘాట్ దిగి వంద కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. మలేరియాతో మగతలో ఉన్న బిడ్డకు తెల్లవారేదాకా వ్యవధి ఉండదు. చిన్న ఆసుపత్రిలో ఒక డాక్టరు, ఒక నర్సు, ఆక్సిజన్ సిలిండరు, మందుల ట్రే ఉన్నా బృందమే. సిస్టర్లారా, ఊపిరి లెక్కించి రాయండి, అనుమానం వస్తే పిలవండి. డాక్టర్లకు మా మనవి: వచ్చి చూస్తే ఏమీ లేకపోయినా విసుక్కోవద్దు.